ఎస్‌డీఎల్‌సీ మోడళ్లను పోల్చి, మీ ప్రాజెక్టుకు తగినది ఎంచుకోవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ లైఫ్ సైకిల్ మోడళ్ల గురించి ఎక్కడ చదివినా ఒక పట్టిక ఎదురవుతుంది. మోడల్ పేరు, పక్కన లాభాలు, ఆ పక్కన నష్టాలు. పరీక్షలో రాయడానికి, ఇంటర్వ్యూలో చెప్పడానికి అది సరిపోతుంది. కొత్త ప్రాజెక్టు మొదలయ్యే రోజున "మనం ఏ పద్ధతిలో వెళ్దాం?" అని టీమంతా మీ వైపు చూస్తే మాత్రం అది పెద్దగా అక్కరకు రాదు. వాటర్‌ఫాల్‌లో, అంటే ఒక దశ ముగిశాకే తర్వాతి దశకు దిగే పద్ధతిలో, మార్పులు కష్టమని పట్టిక చెబుతుంది. మీ ప్రాజెక్టులో మార్పులు వస్తాయా, వస్తే ఎటువైపు నుంచి వస్తాయి అన్నది దానికి తెలియదు.

కాబట్టి ఇక్కడ పోలికంతా ఒకే ప్రశ్న చుట్టూ నడుపుతాను. మనం తప్పు దారిలో వెళ్తున్నామని ఈ మోడల్‌లో ఎప్పుడు తెలుస్తుంది? అప్పటికి ఎంత పని వృథా అయి ఉంటుంది? ఏ మోడల్‌లోనైనా చేసే పనులు అవే: రిక్వైర్‌మెంట్లు (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలన్న అవసరాలు) సేకరించడం, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, రిలీజ్, ఆ తర్వాత మెయింటెనెన్స్. ఏ వరుసలో చేస్తాం, ఒక్కో విడతలో ఎంత పని తీసుకుంటాం, నడిచే సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్ల ముందు ఎప్పుడు పెడతాం అన్న మూడు విషయాల్లోనే తేడా ఉంటుంది.

మొదటి మెట్టు: ముందు ప్రాజెక్టును కాగితం మీద పెట్టండి

మోడళ్ల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. కింది ప్రశ్నలకు మీ ప్రాజెక్టు గురించి ఒక పేజీలో జవాబులు రాయండి.

- రిక్వైర్‌మెంట్లలో నిజంగా ఖాయమైనవి ఏవి? ఊహించుకున్నవి ఏవి?
- రిలీజ్ అయ్యాక తప్పు బయటపడితే ఎవరికి ఏం నష్టం? చిరాకా, డబ్బా, ప్రాణమా?
- సరిదిద్దిన వెర్షన్‌ను మళ్లీ పంపడానికి ఎంత సమయం పడుతుంది?
- సందేహం వస్తే జవాబు చెప్పే మనిషి ఎవరు? ఎంత త్వరగా చెప్పగలరు?
- కాంట్రాక్టులో ఏది బిగించి ఉంది? ధరా, తేదీనా, పని పరిధా?
- టెక్నికల్‌గా ఇంతవరకు టీమ్‌లో ఎవరూ చేయని పని ఏమిటి?

మొదటి ప్రశ్నకు చాలామంది "అన్నీ క్లియర్‌గానే ఉన్నాయి" అని రాసేస్తారు. దాన్ని పరీక్షించడానికి తేలికైన దారి ఉంది. ఒకే పని గురించి ఇద్దరు వేర్వేరు యూజర్లను విడివిడిగా అడగండి. "బిల్లు రద్దు చేయాల్సి వస్తే మీరేం చేస్తారు?" అన్నంత మామూలు ప్రశ్న చాలు. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే ఆ రిక్వైర్‌మెంట్ ఇంకా ఖాయం కానట్టే, డాక్యుమెంట్ మీద ఎన్ని సంతకాలున్నా సరే.

నాలుగో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. నా ఉద్దేశంలో మోడల్ ఎంపికను అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది అదే. రెండు వారాలకోసారి డెమో చూసి నిర్ణయం చెప్పే అధికారం ఉన్న మనిషి దొరకకపోతే, స్క్రమ్ (చిన్న చిన్న విడతల్లో పనిచేసే పద్ధతి) బోర్డు ఎంత అందంగా పెట్టుకున్నా టీమ్ తన ఊహల మీదే కోడ్ రాస్తూ పోతుంది. ఆ మనిషి పేరు కాగితం మీద రాయండి. "బిజినెస్ టీమ్" అని రాస్తే అది జవాబు కాదు.

రెండో మెట్టు: ఒక్కో మోడల్‌లో తప్పు ఎప్పుడు బయటపడుతుందో చూడండి

వాటర్‌ఫాల్‌తో మొదలుపెడదాం. దాని మీద ఉన్నన్ని అపోహలు మరే మోడల్ మీదా లేవు. దీనికి మూలమని చెప్పేది విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పత్రం. దశలు ఒకదాని కింద ఒకటి మెట్లలా దిగే బొమ్మ అందులో ఉంది, కానీ "వాటర్‌ఫాల్" అన్న పేరు లేదు. పైగా ఆ బొమ్మను ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తే ప్రమాదమని, వైఫల్యాన్ని పిలిచి తెచ్చుకోవడమేనని ఆయనే అక్కడ హెచ్చరించారు. టెస్టింగ్ చివర్లో వస్తుంది కాబట్టి డిజైన్‌లోని అసలు లోపాలు అప్పుడే తెలుస్తాయని, కొత్త తరహా సాఫ్ట్‌వేర్ అయితే ముందు చిన్న స్థాయిలో ఒకసారి కట్టి చూసి, తర్వాతే అసలుది కట్టమని సూచించారు. చాలామంది బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేశారు. 1985లో అమెరికా రక్షణ శాఖ తెచ్చిన 2167 ప్రమాణం ఈ దశల వరుసనే బలపరిచిందని విమర్శలు వచ్చాయి. 1994లో దాని స్థానంలో వచ్చిన 498 ప్రమాణం విడతలవారీ పద్ధతులకు చోటిచ్చింది.

మన ప్రశ్న వేసి చూస్తే వాటర్‌ఫాల్‌లో డాక్యుమెంట్ తప్పులు రివ్యూలో తెలుస్తాయి. అవగాహనలోని తప్పులు మాత్రం యూజర్ మొదటిసారి స్క్రీన్ చూసినప్పుడే, అంటే దాదాపు చివర్లో తెలుస్తాయి. కాబట్టి పని ముందే పూర్తిగా తెలిసినచోట ఇది బాగా నడుస్తుంది. పాత సిస్టమ్ లెక్కలను యథాతథంగా కొత్త ప్లాట్‌ఫామ్‌కు మార్చడం, ప్రచురించి ఉన్న స్పెసిఫికేషన్‌కు తగ్గట్టు ఫైల్ కన్వర్టర్ రాయడం లాంటివి ఈ కోవలోకి వస్తాయి. అలాంటి పనికి స్ప్రింట్లు (స్క్రమ్‌లో గడువు పెట్టుకుని చేసే చిన్న విడతలు) పెట్టి ప్రతి రెండు వారాలకు సమావేశాలు జరిపితే అదనపు భారమే తప్ప కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

వి-మోడల్ కూడా ఆ మెట్లనే తీసుకుంటుంది, కాకపోతే ప్రతి మెట్టుకూ ఎదురుగా దానికి సరిపడే టెస్టును నిలబెడుతుంది. రిక్వైర్‌మెంట్లకు ఎదురుగా యాక్సెప్టెన్స్ టెస్టింగ్ (యూజర్ అడిగింది ఇదేనా అన్న పరీక్ష), సిస్టమ్ డిజైన్‌కు ఎదురుగా సిస్టమ్ టెస్టింగ్, ఆర్కిటెక్చర్‌కు ఎదురుగా ఇంటిగ్రేషన్ టెస్టింగ్ (భాగాలు కలిసి పనిచేస్తాయా అన్న పరీక్ష), మాడ్యూల్ డిజైన్‌కు ఎదురుగా యూనిట్ టెస్టింగ్. దీని బలం టెస్టు నడిపే రోజున కన్నా టెస్టు రాసే రోజునే కనిపిస్తుంది. రిక్వైర్‌మెంట్ రాస్తున్నప్పుడే "దీన్ని ఎలా పరీక్షిస్తాం?" అని అడిగితే అస్పష్టమైన వాక్యాలు అక్కడే దొరికిపోతాయి. "సిస్టమ్ వేగంగా స్పందించాలి" అన్న వాక్యానికి ఎవరూ టెస్టు కేసు రాయలేరు.

అయితే బొమ్మలో ఎదురెదురుగా గీతలు గీసినంత మాత్రాన రక్షణ రాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగం దాదాపు 40 సెకన్లకే విఫలమైంది. దిశను లెక్కించే యూనిట్‌లోని సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తెచ్చి వాడారు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చే చోట, ఏరియన్ 5 వేగానికి ఆ విలువ పట్టలేదు. కొత్త రాకెట్ ప్రయాణించే దారికి సంబంధించిన డేటాతో ఆ యూనిట్‌ను ముందే పరీక్షించి ఉంటే లోపం నేల మీదే దొరికేది. వి-మోడల్ ఎంచుకునేవాళ్లు దీన్నుంచి ఒక ప్రశ్న పట్టుకెళ్లాలి: మన టెస్టులు వాడుక జరిగే అసలు పరిస్థితులకు ఎదురుగా ఉన్నాయా, పాత పరిస్థితులకు ఎదురుగా ఉన్నాయా?

ఇంక్రిమెంటల్, ఇటరేటివ్ అన్న రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఇంక్రిమెంటల్ అంటే మొత్తం పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ పూర్తిగా కట్టి ఇవ్వడం. మొదట లాగిన్, బిల్లింగ్, తర్వాత రిపోర్టులు, ఆపైన స్టాక్. ఇటరేటివ్ అంటే ఒకే భాగాన్ని ముందు ముతకగా కట్టి, వాడి చూసి, మళ్లీ మళ్లీ మెరుగుపరచడం. ఏం కావాలో తెలుసు, కానీ అంతా ఒకేసారి ఇవ్వలేం అంటే ఇంక్రిమెంటల్. ఏం కావాలో వాడి చూస్తేగానీ తెలియదంటే ఇటరేటివ్. ప్రోటోటైప్ పద్ధతి, అంటే ముందు ఒక నమూనా కట్టి చూపడం, రెండో దానికి దగ్గరి చుట్టం. దానిలో ఒకే ఒక్క జాగ్రత్త: పారేయడానికి కట్టిన ప్రోటోటైప్‌ను పారేయాల్సిందే. "బాగానే పనిచేస్తోంది కదా, దీన్నే లైవ్‌లో పెట్టేద్దాం" అన్న మాట వస్తే ఒప్పుకోకండి.

స్పైరల్ మోడల్‌ను బ్యారీ బోయెమ్ 1986లో ప్రతిపాదించారు. ప్రతి చుట్టులో నాలుగు పనులుంటాయి: లక్ష్యాలు, ప్రత్యామ్నాయాలు తేల్చుకోవడం, రిస్కులు అంచనా వేసి తగ్గించడం, ఆ చుట్టుకు కావాల్సింది కట్టి పరీక్షించడం, తర్వాతి చుట్టుకు ప్లాన్ చేయడం. దీన్ని పూర్తి స్థాయిలో పాటించే టీమ్‌లు తక్కువే. పెద్ద ప్రాజెక్టులకు తప్ప అంత రిస్క్ విశ్లేషణ గిట్టుబాటు కాదు. కానీ దానిలోని మూల సూత్రం, అంటే మనల్ని ముంచగలిగే విషయాన్ని ముందు చేపట్టడం, ఏ మోడల్‌లోనైనా వాడుకోదగ్గది. దాని పని మూడో మెట్టులో చూద్దాం.

ఎజైల్ అనేది ఒక మోడల్ పేరు కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి రాసిన ప్రకటనలోని 4 విలువలు, 12 సూత్రాలు దాని పునాది. ఆ తేదీకి ముందే పుట్టిన స్క్రమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ లాంటి పద్ధతులు ఆ గొడుగు కిందికి వచ్చాయి. స్క్రమ్‌లో స్ప్రింట్ నెల దాటకూడదు. చాలా టీమ్‌లు రెండు వారాలు పెట్టుకుంటాయి. స్ప్రింట్ చివర వాడదగ్గ సాఫ్ట్‌వేర్ ఉండాలి, దాన్ని సంబంధిత వ్యక్తులు చూడాలి. కాబట్టి మనం తప్పు చేస్తున్నామన్న సంగతి కొన్ని వారాల్లోనే తెలిసే అవకాశం ఉంటుంది. అవకాశమే, హామీ కాదు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ ఆ గడువును గంటల్లోకి దించుతుంది: టెస్టు ముందు రాయడం, ఇద్దరు కూర్చుని ఒకే కోడ్ రాయడం, రోజుకు చాలాసార్లు కోడ్‌ను కలపడం. స్క్రమ్ తీసుకుని ఈ ఇంజనీరింగ్ అలవాట్లను వదిలేసిన టీమ్‌లకు కొన్ని నెలల తర్వాత ప్రతి మార్పూ ఏదో ఒకటి పాడుచేయడం మొదలవుతుంది. ఆటోమేటెడ్ టెస్టులు లేకుండా తరచూ మార్చే పద్ధతి నిలబడదు.

కాన్బాన్‌లో స్ప్రింట్లు ఉండవు, ఒకేసారి చేతిలో ఉండే పనుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. దాని వెనక లెక్క సులువు: సగటున ఒక పనికి పట్టే సమయం, చేతిలో ఉన్న పనుల సంఖ్యను పూర్తవుతున్న వేగంతో భాగిస్తే వస్తుంది. 12 పనులు నడుస్తూ వారానికి 3 పూర్తవుతుంటే ఒక్కో పనికీ 4 వారాలు. చేతిలో పనులను 6కు తగ్గించి, అదే వేగం నిలిపితే 2 వారాలు. సపోర్టు, మెయింటెనెన్స్ టీమ్‌లకు, అంటే రేపు ఏ టికెట్ వస్తుందో తెలియనివాళ్లకు, స్ప్రింట్ కన్నా ఇది హాయిగా కుదురుతుంది.

డెవాప్స్‌ను వీటితో ఒకే వరుసలో పెట్టి పోల్చడం సరికాదు. కోడ్ రాసేవాళ్లకూ సర్వర్లు నడిపేవాళ్లకూ మధ్య గోడ తీసేసి, బిల్డ్ (కోడ్‌ను నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చడం), టెస్ట్, డిప్లాయ్‌మెంట్‌ను (సర్వర్లలో పెట్టడాన్ని) ఆటోమేట్ చేసే పని విధానం అది. స్క్రమ్‌తోనూ ఉండొచ్చు, కాన్బాన్‌తోనూ ఉండొచ్చు. దాని వల్ల మొదటి మెట్టులో రాసిన మూడో ప్రశ్నకు జవాబు మారుతుంది. మళ్లీ రిలీజ్ చేయడం చౌక అవుతుంది కాబట్టి చిన్న చిన్న ముక్కలు పంపే ధైర్యం వస్తుంది.

మూడో మెట్టు: మూడు ఊహలు, ఒక కాలరేఖ

పోలికలో అసలు పని ఇదే. దీనికి ఒక మధ్యాహ్నం కేటాయించండి. మీ ప్రాజెక్టు ఏ ఊహల మీద నిలబడి ఉందో టీమ్‌తో కూర్చుని రాయండి. అబద్ధమని తేలితే ఎక్కువ నష్టం తెచ్చే మూడింటిని ఏరండి. పది నెలల కాలరేఖ గీసి, ఒక్కో మోడల్‌లో ఒక్కో ఊహ ఏ నెలలో నిజంగా పరీక్షకు నిలుస్తుందో గుర్తు పెట్టండి.

ఉదాహరణకు, ఆసుపత్రి ల్యాబ్ ఫలితాలను డాక్టర్ల ఫోన్లకు పంపే సిస్టమ్ కడుతున్నారనుకుందాం. ఊహలు ఇవి: ల్యాబ్ మెషీన్లన్నీ ఒకే ఫార్మాట్‌లో డేటా ఇస్తాయి, డాక్టర్లు ఫలితాన్ని ఫోన్‌లోనే చూస్తారు, ప్రమాదకర స్థాయి ఫలితం వస్తే ఎవరికి అలర్ట్ వెళ్లాలో ఆసుపత్రికి స్పష్టంగా తెలుసు.

వాటర్‌ఫాల్‌లో మొదటి ఊహ ఇంటిగ్రేషన్‌లో, అంటే ఎనిమిదో నెల ప్రాంతంలో తేలుతుంది. రెండోది రిలీజ్ అయ్యాక. మూడోది మాత్రం రిక్వైర్‌మెంట్ల దశలోనే, మొదటి నెలల్లో తేలవచ్చు, ఎందుకంటే నియమాలు రాతపూర్వకంగా అడిగితే ఆసుపత్రి కూర్చుని ఆలోచించాల్సి వస్తుంది. ఇది వాటర్‌ఫాల్‌కు నిజమైన బలం, దాన్ని కాదనకూడదు. వి-మోడల్‌లో అయితే ఆ అలర్టు నియమానికి యాక్సెప్టెన్స్ టెస్టు కూడా అప్పుడే రాస్తారు కాబట్టి "రాత్రి డ్యూటీలో డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే?" లాంటి ప్రశ్నలు ఇంకా పదునుగా వస్తాయి.

ఇక స్క్రమ్. అన్నీ మొదటి నెలలోనే తేలిపోతాయని అనుకుంటాం. కానీ బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) వరుస చూడండి. టీమ్ మొదటి ఆరు నెలల స్ప్రింట్లలో లాగిన్, ప్రొఫైల్, మెనూ, సెర్చ్ లాంటివే కడితే డెమోలు కళకళలాడుతాయి, మెషీన్ డేటా సంగతి మాత్రం ఏడో నెలలోగానీ బయటపడదు. అంటే వాటర్‌ఫాల్‌తో పోలిస్తే ఒక్క నెల ముందు. అదే మొదటి స్ప్రింట్‌లోనే ఒక్క మెషీన్ నుంచి ఒక్క ఫలితాన్ని ఒక్క ఫోన్‌కు, అందవికారంగానైనా సరే, చేర్చితే మొదటి రెండు ఊహలూ మొదటి నెలలోనే నిగ్గు తేలతాయి. స్పైరల్ నేర్పిన పాఠాన్ని స్క్రమ్‌లో వాడటమంటే ఇదే. మోడల్ పేరు కన్నా పనుల వరుస ఎక్కువ తేడా తెస్తుందని ఈ కాలరేఖ గీసినప్పుడే కళ్లకు కడుతుంది.

నాలుగో మెట్టు: కుదరనివాటిని తీసేయండి

ఇప్పుడు మొదటి పేజీ ముందు పెట్టుకుని ఒక్కో మోడల్‌నూ అడ్డుకునే కారణాలు వెతకండి. జవాబు చెప్పే మనిషి అందుబాటులో లేకపోతే స్క్రమ్ ప్రస్తుతానికి కొట్టేయండి, లేదా ఆ మనిషిని సంపాదించేవరకు మొదలుపెట్టకండి. రిలీజ్ చేశాక తిరిగి ముట్టుకోలేని పరికరమైతే, వాడుకలో దిద్దుకుందామన్న ఆలోచన పనికిరాదు. టెస్టింగ్ బరువంతా ముందే మోయాలి. ధర, తేదీ, పరిధి మూడూ బిగించిన కాంట్రాక్టు అయితే ప్రతి మార్పూ చేంజ్ రిక్వెస్ట్ (విడిగా ఒప్పించుకోవాల్సిన మార్పు కోరిక) అవుతుంది. పరిధిని సడలించేలా ఒప్పందాన్ని మార్చగలరేమో ముందు అడగండి. మోడల్ మార్చడం కన్నా ఆ ఒక్క క్లాజ్ మార్చడం ఎక్కువ మేలు చేస్తుంది.

భద్రతా ప్రమాణాల విషయంలో ఒక అపోహ తొలగాలి. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు ఐఇసి 62304, విమానాల సాఫ్ట్‌వేర్‌కు డిఓ-178సి, కార్లకు ఐఎస్ఓ 26262 ఉన్నాయి. ఇవి ఉన్నచోట వాటర్‌ఫాల్ తప్ప గత్యంతరం లేదని చాలామంది అంటారు. నిజానికి 62304, 178సి రెండూ ఫలానా మోడలే వాడాలని శాసించవు. ఏ పనులు జరగాలో, ఏ ఆధారాలు చూపాలో, రిక్వైర్‌మెంట్ నుంచి టెస్టు వరకు జాడ ఎలా నిలపాలో చెబుతాయి. విడతలవారీగా పనిచేస్తూ ఆ ఆధారాలను ప్రతి విడతలోనూ తాజాగా ఉంచగలిగితే దారి మూసుకుపోలేదు. ఆ క్రమశిక్షణ టీమ్‌కు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఐదో మెట్టు: కలపాల్సి వస్తే ఎక్కడ కోయాలో చూడండి

చాలా ప్రాజెక్టులు చివరికి మిశ్రమ పద్ధతికే వస్తాయి. అందులో తప్పేమీ లేదు, కోత సరైన చోట పడాలి. ఉత్పత్తిని భాగాలుగా కోస్తే మంచిది: మందు మోతాదును నియంత్రించే పరికరంలోని కోడ్‌కు వి-మోడల్, దాని రిపోర్టులు చూపే వెబ్ స్క్రీన్లకు స్క్రమ్, రెండింటి మధ్య ఖాయం చేసిన ఇంటర్‌ఫేస్. దశల వారీగా కోస్తేనే చిక్కు. రిక్వైర్‌మెంట్లు మొదట్లోనే గడ్డకట్టించి, మధ్యలో కోడింగ్‌కు మాత్రం స్ప్రింట్లు పెట్టి, టెస్టింగ్‌ను చివరి రెండు నెలలకు తోసేస్తే సమావేశాల ఖర్చు స్క్రమ్‌ది, ఆలస్యంగా తెలుసుకోవడం వాటర్‌ఫాల్‌ది అవుతుంది.

పెద్ద ఎత్తున మోడల్ మార్చిన ఉదాహరణగా ఎఫ్‌బీఐ కేసు ఫైళ్ల సాఫ్ట్‌వేర్‌ను చెప్పుకోవచ్చు. వర్చువల్ కేస్ ఫైల్ అనే మొదటి ప్రయత్నానికి 800 పేజీలు దాటిన రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంట్ ఉండేది. దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. తర్వాత మొదలైన సెంటినెల్ కూడా వెనకబడటంతో 2010లో ఎఫ్‌బీఐ పనిని తన చేతుల్లోకి తీసుకుని, రెండు వారాల స్ప్రింట్లతో నడిపి 2012 జులైలో అందరికీ అందించింది. దీన్ని ఎజైల్ గెలుపుగా మాత్రమే చెప్పేస్తుంటారు. నాకు అది సగం నిజమనిపిస్తుంది. మోడల్‌తో పాటు టీమ్ చిన్నదైంది, నిర్ణయం తీసుకునేవాళ్లు కోడ్ రాసేవాళ్ల పక్కకు వచ్చారు. వాటిని మార్చకుండా స్ప్రింట్లు మాత్రమే పెట్టి ఉంటే అదే ఫలితం వచ్చేదని అనుకోను.

ఆరో మెట్టు: నిర్ణయాన్ని రాసి, తిరిగి చూసే తేదీ పెట్టండి

ఎంచుకున్న మోడల్, ఎందుకు ఎంచుకున్నారు, ఏ ఊహ తప్పని తేలితే ఈ నిర్ణయం మారాలి అన్న మూడూ అర పేజీలో రాసి అందరికీ కనిపించే చోట ఉంచండి. రెండు, మూడు నెలల తర్వాత ఒక తేదీ పెట్టుకుని తిరిగి చదవండి. అప్పుడు కొన్ని గుర్తులు చూడాలి. స్ప్రింట్ రివ్యూకు టీమ్ తప్ప ఎవరూ రావడం లేదా? సగం చేసిన పనులు ఒక స్ప్రింట్ నుంచి మరో దానికి జారుతూనే ఉన్నాయా? టెస్టింగ్‌లో దొరికే బగ్‌లలో ఎక్కువ భాగం కోడ్ తప్పులా, లేక "మేం అడిగింది ఇది కాదు" అన్న రకమా? రెండో రకం ఎక్కువగా ఉంటే యూజర్ మరీ ఆలస్యంగా చూస్తున్నట్టు. చేంజ్ రిక్వెస్టులు గుట్టగా పేరుకుంటే ఖాయమనుకున్న రిక్వైర్‌మెంట్లు ఖాయం కానట్టు.

మధ్యలో మోడల్ మార్చాల్సి వస్తే అంతా ఒకేరోజు తిరగేయకండి. జరుగుతున్న రిలీజ్‌ను పాత పద్ధతిలోనే ముగించి, తర్వాతి రిలీజ్ నుంచి మొదలుపెట్టండి. వాటర్‌ఫాల్ నుంచి విడతలవారీ పద్ధతికి వెళ్తుంటే ముందుగా చేయాల్సింది స్టాండప్ మీటింగులు (రోజూ జరిపే చిన్న సమావేశాలు) పెట్టడం కాదు. ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఆటోమేటెడ్ రిగ్రెషన్ టెస్టులు (మార్పు వల్ల పాతవేమైనా పాడయ్యాయా అని చూసే పరీక్షలు) రాయడం, ఒక్క బటన్‌తో బిల్డ్ అయ్యేలా చేయడం. అటు నుంచి ఇటు, అంటే కఠినమైన ప్రమాణాలున్న పని కోసం స్క్రమ్ నుంచి వి-మోడల్‌కు వస్తుంటే ఉన్న యూజర్ స్టోరీలను (యూజర్ కోణంలో ఒకట్రెండు వాక్యాల్లో రాసిన అవసరాలను) రిక్వైర్‌మెంట్లుగా తిరగరాసి, ఒక్కోదానికీ టెస్టును జత చేయడంతో మొదలుపెట్టండి. ఏ టెస్టూ దొరకని స్టోరీలు ఎన్ని ఉన్నాయో చూస్తే ఎంత పని మిగిలి ఉందో అంచనాకు వస్తుంది.